యలహంక స్టేషన్ బోర్డుకీ ఫోన్‌కీ 85 మీటర్ల తేడా ఎందుకొచ్చింది?

పోయిన నెల మా మామని హిందూపురం రైలెక్కించడానికి బెంగళూరు యలహంక స్టేషన్‌కి వెళ్లాను. మామ సర్వే డిపార్ట్‌మెంట్‌లో ముప్ఫై ఏళ్లు గొలుసులూ, కోణాలు కొలిచే థియోడలైట్లూ మోసిన మనిషి, రిటైరై పదేళ్లవుతున్నా ఎక్కడ అంకె కనిపిస్తే అక్కడ ఆగిపోతాడు. ప్లాట్‌ఫాం చివర పసుపు బోర్డు ఉంటుంది కదా, ఊరి పేరు కింద సముద్ర మట్టానికి ఇన్ని మీటర్ల ఎత్తు అని చిన్నగా రాసి ఉంటుంది, సరిగ్గా దాని ముందు నిలబడి ఫోన్‌లో జీపీఎస్ యాప్ తెరిచాడు. మూడు అంకెలు వచ్చాయి. వేగం సున్నా, నిలబడే ఉన్నాడు కాబట్టి సరే. ఎక్కడున్నాడో మ్యాప్‌లో చూస్తే చుక్క పక్క పట్టాల మీద పడింది. ఎత్తు మాత్రం బోర్డు మీద ఉన్నదానికన్నా 85 మీటర్లు తక్కువ.

"ఏమప్పా అల్లుడా, పాతికంతస్తుల లోతులో నిలబడి ఉండామా మనం?" అన్నాడు.

రైలు నలభై నిమిషాలు లేటు. టీ తాగుతూ చెప్పడం మొదలుపెట్టాను. ఆ రోజు చెప్పిందీ, చెప్పలేక ఇంటికొచ్చి సరిచూసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అసలు సంగతి ఏమిటంటే ఫోన్ ఈ మూడింట్లో దేన్నీ కొలవదు. స్థానాన్ని కొలవదు, ఎత్తుని కొలవదు, మనం మామూలుగా అనుకునే పద్ధతిలో వేగాన్నీ కొలవదు. అది చేసేదల్లా ఆకాశం నుంచి వచ్చే రేడియో అలల్ని విని, ఏది ఎప్పుడొచ్చింది, ఎలా వచ్చింది అని చూసుకోవడం. మిగతాదంతా లెక్క. ఆ లెక్కలో పడే తప్పులు మూడు అంకెల్లోకీ సమానంగా వెళ్లవు, అందుకే ఒకటి బంగారంలా ఉంటే ఇంకోటి పాతికంతస్తుల లోతుకి దిగిపోతుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. శాటిలైట్ మనల్ని చూడదు, మనం ఉన్నామని కూడా దానికి తెలియదు. ఆకాశవాణి వార్తలు చదివే మనిషికి మన వంటింట్లో రేడియో మోగుతోందని తెలుస్తుందా? ఇదీ అంతే, ఫోన్ వింటుంది, తిరిగి ఏమీ పంపదు. మనం ఎక్కడున్నామో ఎవరికైనా తెలిసిందంటే అది ఫోన్‌లోని యాప్‌లు ఇంటర్నెట్‌లో చేరవేసినందువల్లో, సెల్ టవర్ల వల్లో. ఆ గొడవ వేరు.

అమెరికా జీపీఎస్ శాటిలైట్లు దాదాపు 30, భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తులో రోజుకి సుమారు రెండు చుట్లు తిరుగుతుంటాయి. రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైదూ, మన నావిక్ వీటికి అదనం. ఒక్కోటీ ఆపకుండా చెప్పేది ఒకటే మాట: నేను ఫలానా శాటిలైట్‌ని, ఈ క్షణాన ఇక్కడున్నాను, ఇప్పుడు టైం ఇంత. ఆ మాట వెలుతురు వేగంతో, అంటే సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది. శాటిలైట్ నెత్తిన ఉంటే మన దగ్గరికి చేరడానికి 67 మిల్లీసెకన్లు, దిగంతంలో ఉంటే 86 పడుతుంది. బయల్దేరిన టైం అందులోనే ఉంది, చేరిన టైం మన దగ్గరుంది, తేడాని వేగంతో గుణిస్తే దూరం. చిన్నపిల్లల లెక్కే, కానీ ఒక మెలిక ఉంది. టైంలో ఒక మైక్రోసెకను తప్పితే దూరంలో 300 మీటర్లు తప్పుతుంది.

శాటిలైట్‌లో ఉన్నవి కోట్లు పోసి చేయించిన అణు గడియారాలు. ఫోన్‌లో ఉన్నది కొన్ని రూపాయల క్వార్ట్జ్ ముక్క, అది సెకనుకి ఒక మైక్రోసెకను అటో ఇటో జారినా ఆశ్చర్యపోనక్కర్లేదు. మరి ఈ గడియారంతో దూరం కొలవడం ఎలా?

ఇక్కడే నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చిన తెలివి ఉంది. ఒక ఊరనుకోండి. ఊళ్లో మూడు గుళ్లు, మూడింట్లోనూ పూజారులు ఒకే గడియారం చూసుకున్నట్టు సరిగ్గా తెల్లవారి ఐదు గంటలకి గంట కొడతారు. మీరు చీకట్లో పొలంలో ఎక్కడో నిలబడ్డారు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వస్తుంది కాబట్టి రాముడి గుడి గంట ఐదు దాటాక 3 సెకన్లకి వినిపిస్తే ఆ గుడి కిలోమీటరు దూరంలో ఉందని అర్థం. మూడు గుళ్ల చుట్టూ మూడు వృత్తాలు గీసి అవి కలిసే చోట మీరున్నారని చెప్పొచ్చు. కానీ మీ చేతి వాచీ 2 సెకన్లు ముందుంటే? అప్పుడు మూడు దూరాలూ ఒకేలా 680 మీటర్లు ఎక్కువొస్తాయి, వృత్తాలు ఒక బిందువులో కలవకుండా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి మధ్యలో ఒక పెద్ద ముక్క మిగిలిపోతుంది. వాచీ తప్పని మీకు ఎవరూ చెప్పలేదు, ఆ ముక్కే చెప్పింది. మూడు దూరాల్లోంచీ ఒకే అంకెని తీసేస్తూ పోతే ఎక్కడో ఒకచోట మూడు వృత్తాలూ చక్కగా ఒకే బిందువులోకి వచ్చి కూర్చుంటాయి. అలా మీరెక్కడున్నారో తెలిసింది, దాంతోపాటు మీ వాచీ ఎంత తప్పో కూడా తెలిసిపోయింది.

నేల మీద అయితే మూడు గుళ్లు చాలు. ఆకాశం లెక్కలో ఎత్తు కూడా కావాలి కాబట్టి నాలుగు శాటిలైట్లు. తెలియనివి నాలుగు: తూర్పు పడమరలుగా ఎక్కడ, ఉత్తర దక్షిణాలుగా ఎక్కడ, ఎంత ఎత్తు, వాచీ తప్పెంత. సమీకరణాలూ నాలుగు. ఫోన్ ముందు ఒక ఊహతో మొదలుపెడుతుంది (పాత రిసీవర్లలో ఆ ఊహ భూమి నడిమధ్య అయినా పర్లేదు), ఆ ఊహ ప్రకారం రావాల్సిన దూరాలకీ వచ్చిన దూరాలకీ తేడా చూసి కొంచెం జరుగుతుంది, మళ్లీ చూస్తుంది, నాలుగైదు చుట్లలో కుదురుకుంటుంది. ఇవాళ్టి ఫోన్‌కి బయట ఇరవై ముప్ఫై శాటిలైట్లు ఒకేసారి వినపడతాయి, అప్పుడు అన్నిటితోనూ వీలైనంత తక్కువ తగాదా ఉండే బిందువుని ఎంచుకుంటుంది.

"ట్రయాంగ్యులేషనే కదప్పా ఇది" అన్నాడు మామ. కాదు. చాలామంది అలాగే రాస్తారు కానీ, 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బ్రిటిష్ సైనికాధికారి లాంబ్టన్ మొదలుపెట్టిన సర్వే నుంచి మామ తరం దాకా చేసింది ఒక్క భుజాన్ని జాగ్రత్తగా కొలిచి, మిగతాదంతా కోణాలతో లాగడం. జీపీఎస్‌లో కోణాలే లేవు, అన్నీ దూరాలే. మామకి అది కొంచెం నచ్చలేదని మొహం చూస్తే తెలిసింది.

ఇంతకీ ఆ చేరిన టైం ఎలా తెలుస్తుంది? శాటిలైట్ సిగ్నల్ మన దగ్గరికొచ్చేసరికి ఎంత బలహీనమంటే మామూలు రేడియో రొదలో పూర్తిగా మునిగిపోయి ఉంటుంది. పెళ్లి పందిట్లో రెండొందల మంది మాట్లాడుకుంటున్నా ఎవరో మన పేరు అంటే చెవి నిక్కబొడుచుకుంటుంది కదా, ఎందుకంటే ఆ శబ్దం ఎలా ఉంటుందో ముందే తెలుసు. ఒక్కో జీపీఎస్ శాటిలైట్‌కి 1,023 ఒకట్లూ సున్నాలూ ఉన్న సొంత వరస ఉంది, అది మిల్లీసెకనుకోసారి తిరిగి మొదలవుతుంది. ఫోన్ అదే వరసని తనలో తాను పాడుకుంటూ, కొంచెం ముందుకీ వెనక్కీ జరుపుతూ, వచ్చే రొదతో సరిపోలుస్తుంది. సరిగ్గా కుదిరిన చోట ఒక్కసారిగా శిఖరం లేస్తుంది. ఎంత జరపాల్సి వచ్చిందో అదే ఆలస్యం. ఆ వరసలో ఒక్కో అంకె నేల మీద దాదాపు 300 మీటర్ల పొడవు, అందులో వందో వంతు వరకు కుదర్చగలిగితే 3 మీటర్లు వచ్చినట్టు.

శాటిలైట్ ఎక్కడుందన్న సమాచారం ఆ వరస మీదే సెకనుకి 50 బిట్ల నత్తనడకతో వస్తుంది. అందుకే పాత కార్ల జీపీఎస్ డబ్బాలు ఆన్ చేశాక అర నిమిషం పైన ఆలోచించేవి, ఫోన్లు అదే సమాచారాన్ని ఇంటర్నెట్‌లో లాగేసుకుంటాయి కాబట్టి వెంటనే చెప్పేస్తాయి. శాటిలైట్‌కి మాత్రం తనెక్కడుందో ఎవరు చెప్తారు? నేల మీద నుంచి దాన్ని గమనిస్తూ కక్ష్య లెక్కలు వేసి పైకి పంపేవాళ్లుంటారు. నావిక్‌కి ఆ పని చేసే ఇస్రో నావిగేషన్ సెంటర్ మన బెంగళూరు పక్కనే, బ్యాలాళులో ఉంది.

నావిక్ కథంతా గడియారాల కథే. శ్రీహరికోట నుంచి 2013 జూలైలో మొదటి శాటిలైట్ ఎగిరింది, కొన్నేళ్లకే అందులో ఉన్న మూడు రుబీడియం అణు గడియారాలూ పాడయ్యాయి. కక్ష్యలో శాటిలైట్ ఉంది, మాట్లాడుతోంది, కానీ టైం చెప్పలేని నావిగేషన్ శాటిలైట్ దేనికి పనికొస్తుంది? ఆ గడియారాలు విదేశం నుంచి తెచ్చినవి. 2023 మే 29న ఎగిరిన కొత్త తరం నావిక్ శాటిలైట్ ఎన్‌వీఎస్-01లో మొదటిసారి మనం చేసిన రుబీడియం గడియారం పెట్టారు.

గడియారాల సంగతి వచ్చింది కాబట్టి ఐన్‌స్టీన్‌ని కూడా ఒకసారి పలకరించి వెళ్దాం. పైన గురుత్వం తక్కువ కాబట్టి జీపీఎస్ గడియారం మన గడియారంకన్నా రోజుకి 45 మైక్రోసెకన్లు ముందుకి పోతుంది, వేగంగా తిరుగుతున్నందుకు 7 వెనక్కి వస్తుంది, మిగిలింది 38. సరిచేయకపోతే దూరాల్లో రోజుకి 11 కిలోమీటర్ల తప్పు పేరుకుంటుంది. అందుకని ఆ గడియారాలని నేల మీద ఉన్నప్పుడే రవ్వంత నెమ్మదిగా నడిచేలా పెట్టి పంపుతారు. ఇంకో సరదా ఏమిటంటే సిగ్నల్ ప్రయాణించే ఆ 70 మిల్లీసెకన్లలో భూమి తిరగడం వల్ల బెంగళూరు మొత్తం 30 మీటర్లకు పైగా తూర్పుకి జరిగిపోతుంది, ఫోన్ అదీ లెక్కలోకి తీసుకుంటుంది.

ఇక తప్పులు. బయట, ఆకాశం బాగా కనిపించే చోట మంచి ఫోన్ 5 మీటర్ల లోపు చెప్తుంది. అంతకన్నా చెడగొట్టేవాటిలో మొదటిది అయనోస్ఫియర్, పైన ఎలక్ట్రాన్లతో నిండిన పొర, సిగ్నల్‌ని కొన్ని మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్లంత ఆలస్యం చేస్తుంది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణపు కొస దగ్గరగా పోతుంది కాబట్టి దక్షిణాదిలో ఈ పొర అల్లరి ఎక్కువ, ముఖ్యంగా పొద్దుగూకాక. తక్కువ ఫ్రీక్వెన్సీ అల ఎక్కువ ఆలస్యమవుతుంది కాబట్టి రెండు ఫ్రీక్వెన్సీలు వినే ఫోన్ ఆ తేడాని బట్టి తప్పెంతో పట్టేస్తుంది. విమానాలకైతే గగన్ అనే వ్యవస్థ ఉంది, దేశంలో పలుచోట్ల నేల మీద తప్పుని కొలిచి, సవరణలు లెక్కగట్టి, శాటిలైట్ ద్వారా తిరిగి ప్రసారం చేస్తారు. దాని కంట్రోల్ సెంటర్ కుందలహళ్లిలో ఉంది, మారతహళ్లిలో పీజీల్లో ఉండే మనవాళ్లు రోజూ ఆ దారినే పోతుంటారు.

రెండోది ప్రతిఫలనం. అద్దాల బిల్డింగుల మధ్య, రేకుల కింద, సిగ్నల్ తిన్నగా రాకుండా గోడకి కొట్టుకుని వస్తుంది, చుట్టు తిరిగిన దూరాన్ని ఫోన్ అసలు దూరమనుకుంటుంది. యలహంకలో చుక్క పక్క పట్టాల మీద పడటానికి ప్లాట్‌ఫాం రేకులే కారణమై ఉండాలి.

ఇప్పుడు ఎత్తు. ఇక్కడ రెండు వేర్వేరు సంగతులున్నాయి, జనం రెంటినీ కలిపేసి "జీపీఎస్ ఎత్తు చెత్త" అని తేల్చేస్తారు.

మొదటిది, శాటిలైట్లన్నీ మన పైనే ఉంటాయి. తూర్పున ఒకటి ఉంటే పడమర ఒకటి ఉంటుంది, ఒకటి లాగిన తప్పుని ఇంకోటి వెనక్కి లాగుతుంది. కింద నుంచి లాగడానికి ఎవరూ లేరు, మధ్యలో భూమి అడ్డం. దాంతో వాచీ తప్పూ ఎత్తు తప్పూ కవల పిల్లల్లా కనిపిస్తాయి. మనం 10 మీటర్లు పైకి పోయినా, వాచీ 10 మీటర్లకి సమానమైనంత జారినా, నెత్తి మీది శాటిలైట్ల దూరాలు దాదాపు ఒకేలా మారతాయి. లెక్క ఆ రెంటినీ విడదీయడానికి కష్టపడుతుంది. అందుకే అడ్డంగా 5 మీటర్ల తప్పుంటే నిలువుగా అది ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో అవుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

కానీ ఇది 10, 15 మీటర్ల సంగతి. 85 ఎక్కణ్ణుంచి వచ్చింది?

జీపీఎస్‌కి సముద్రం తెలియదు. దానికి తెలిసింది నడుము దగ్గర 6,378.137 కిలోమీటర్ల వ్యాసార్థంతో, ధ్రువాల దగ్గర 21 కిలోమీటర్లు తక్కువగా, కొంచెం నొక్కిన బంతిలాంటి ఒక గణిత రూపం. ఎత్తంటే ఆ రూపం పైనుంచి ఎత్తు. రైల్వే బోర్డు మీద ఉన్నది సముద్ర మట్టం నుంచి ఎత్తు. సముద్రం ఆ నున్నటి రూపాన్ని పట్టుకుని ఉండదు, గురుత్వం ఎక్కువున్న చోట ఉబ్బి, తక్కువున్న చోట కుంగి ఉంటుంది. సముద్రాన్ని నేల కిందుగా పొడిగించి ఊహించుకుంటే వచ్చే ఆ ఎగుడుదిగుడు రూపాన్నే జియాయిడ్ అంటారు. ప్రపంచం మొత్తంలో అది అన్నిటికన్నా లోతుగా కుంగిన చోటు ఎక్కడో తెలుసా, మన శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రంలో, దాదాపు 106 మీటర్లు. ఆ గుంట ఎందుకొచ్చిందో వివరిస్తూ 2023లో పరిశోధన పత్రం వచ్చింది కూడా బెంగళూరు నుంచే, పాతవాళ్లు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఐఐఎస్‌సీ నుంచి. ఆఫ్రికా వైపు నుంచి వచ్చిన వేడి, తేలికైన పదార్థం భూమి లోపల అక్కడ పేరుకుందని, అందుకే గురుత్వం తగ్గిందని వాళ్ల లెక్క.

ఆ గుంట అంచులు దక్షిణాది మొత్తం పరుచుకుని ఉన్నాయి. బెంగళూరు దగ్గర సముద్ర మట్టం ఆ గణిత రూపానికి 85 మీటర్ల దాకా కిందుంది, కాబట్టి బోర్డు చెప్పే ఎత్తుకన్నా ఫోన్ ఎత్తు అంత తక్కువ. చెన్నైలో మెరీనా ఇసకలో నిలబడి ఇలాంటి యాప్ తెరిస్తే మైనస్ ఎనభై తొంభై మీటర్లు చూపించి భయపెడుతుంది. ఈ తేడాల పట్టిక ప్రపంచమంతటికీ తయారుగా ఉంది, ఐఫోన్, చాలా మంచి యాప్‌లు దాన్ని కలుపుకునే చూపిస్తాయి. ఆండ్రాయిడ్‌లో చాలాకాలం యాప్‌కి దక్కింది పచ్చి అంకే, యాప్ రాసినవాడు సవరించకపోతే అదే మన కళ్లబడుతుంది. మామ యాప్ రాసినవాడు ఆ పని చేయలేదు, అంతే.

ఈ ఎత్తు బలహీనత బెంగళూరువాళ్లకి రోజూ అనుభవమే. రాగిగుడ్డ నుంచి సిల్క్ బోర్డ్ దాకా డబుల్ డెక్కర్ ఫ్లైఓవర్ ఉంది కదా, నేల మీద రోడ్డు, పైన ఫ్లైఓవర్, ఆ పైన మెట్రో. మూడింటికీ అక్షాంశ రేఖాంశాలు ఒకటే, అంతస్తుల మధ్య తేడా జీపీఎస్ నిలువు తప్పుకన్నా చిన్నది. అందుకే పైన పోతున్నప్పుడు ఎడమకి తిరగమని మ్యాప్ యాప్ గొంతు అంటుంటే మనకి నవ్వాలో ఏడవాలో తెలియదు. మ్యాప్ యాప్‌లు చేసేదల్లా చుక్కని దగ్గర్లోని రోడ్డు మీదికి లాగి కూర్చోబెట్టడం, ఏ రోడ్డు అన్నది చాలావరకు ఊహే. ఫోన్‌లో గాలి పీడనం కొలిచే సెన్సర్ ఉంటే కొంత నయం, మన ఎత్తులో 9 మీటర్లు ఎక్కితే పీడనం సుమారు ఒక మిల్లీబార్ తగ్గుతుంది, ఫ్లైఓవర్ ఎక్కామన్న సంగతి దానికి తెలుస్తుంది. కానీ వాన మబ్బు పట్టినా పీడనం మారుతుంది కాబట్టి అది కూడా ఎక్కామా దిగామా వరకే, అసలు ఎత్తెంతో చెప్పలేదు.

వేగం దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. ఇప్పుడు ఇక్కడున్నాం, సెకను తర్వాత అక్కడున్నాం, కాబట్టి వేగం ఇంత అని లెక్కేస్తుందని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే మీటర్ల కొద్దీ తప్పులున్న రెండు చుక్కల మధ్య తేడా తీసినట్టు, నిలబడ్డ మనిషి కూడా పరిగెత్తుతున్నట్టు వస్తుంది. మంచి రిసీవర్ వాడేది రైలు కూతని. రైలు దగ్గరికొస్తుంటే కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా, రేడియో అలకీ అంతే. జీపీఎస్ అల సెకనుకి 157 కోట్ల సార్లకు పైగా ఊగుతుంది, ఒక్కో ఊపు పొడవు 19 సెంటీమీటర్లు. మీరు గంటకి 60 కిలోమీటర్ల వేగంతో శాటిలైట్ వైపు పోతుంటే ఆ 157 కోట్లలో 88 ఊపులు ఎక్కువొస్తాయి. అంతే, 88! ఫోన్ దాన్ని పట్టేస్తుంది. శాటిలైట్ సొంత వేగం వల్ల వచ్చే మార్పు దీనికన్నా చాలా పెద్దది, సెకనుకి నాలుగు వేల ఊపుల దాకా ఉంటుంది, కానీ అది ఎటు పోతోందో ముందే తెలుసు కాబట్టి తీసేయొచ్చు. మళ్లీ నాలుగు తెలియనివి, నాలుగు సమీకరణాలు: మూడు దిక్కుల్లో వేగం, ఫోన్ గడియారం జారే తీరు.

అయనోస్ఫియర్ చేసే ఆలస్యం 10 మీటర్లు ఉండొచ్చు, కానీ ఈ సెకనుకీ వచ్చే సెకనుకీ అది పెద్దగా మారదు. స్థానం చెడగొట్టే తప్పులు చాలావరకు ఇలాంటి నిదానం మనుషులే, మార్పుని మాత్రమే చూసే లెక్కలోకి వాళ్లు రాలేరు. అందుకే బయట రోడ్డు మీద, ఒకే తీరున పోతున్నప్పుడు, ఫోన్ చెప్పే వేగం గంటకి ఒక కిలోమీటరు కూడా తప్పదు. కారు మీటర్ 64 అంటే ఫోన్ 60 అంటే నేను ఫోన్‌నే నమ్ముతాను. కారు మీటర్ చక్రం తిరగడాన్ని బట్టి లెక్కేస్తుంది, టైరు అరిగితే మారుతుంది, పైగా అసలు వేగంకన్నా తక్కువ చూపించకూడదన్న నిబంధన ఉంది కాబట్టి తయారీదారులు కొంచెం ఎక్కువే చూపించేలా పెడతారు. సిల్క్ బోర్డ్ దగ్గర సాయంత్రం ఆరింటికి ఈ జ్ఞానంతో ఉపయోగం లేదనుకోండి.

మామ అంతా విన్నాడు. రైలొచ్చింది, ఎక్కాడు. కిటికీ పక్క సీటే. రాత్రికి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది, ఆయన పాత సర్వే నోట్‌బుక్కులో నీట్‌గా గీతలు కొట్టి మూడు స్టేషన్ల లెక్క: బోర్డు అంకె, ఫోన్ అంకె, తేడా. దొడ్డబళ్లాపురం 83. హిందూపురం 88. గౌరీబిదనూరు దగ్గర మాత్రం 104 అని రాసి కింద గీత గీసి, పక్కన బ్రాకెట్లో "రైలు పెట్టె లోపల్నుంచే రీడింగు తీసినాను, తలుపు కాడికి పోయే టైం లేదు" అని రాశాడు.